నా 84 సెకన్లు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా తలుచుకోవాలని ఒక కాగితం రాసుకొచ్చాను. కానీ మీలో సగంమంది పొద్దున పరుగు ముగించుకుని ఆ చెమట బట్టలతోనే వచ్చి కూర్చున్నారు. చెమట ఆరేకొద్దీ కాళ్ళు పట్టేస్తాయి. అందుకని ఆ కాగితం మడిచేస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం "పరుగుకి తేలికపాటి జీపీఎస్ వాచీని ఎంచుకోవడం ఎలా". టైము ఇరవై నిమిషాలు. నేను ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పిన టీచర్ని. బెల్లు కొట్టాక కూడా "ఇంకొక్క లెక్క" అని పిల్లల్ని కూర్చోబెట్టిన అలవాటు ఇంకా పోలేదు. దానికీ ముందే క్షమాపణ.

ఒకసారి అందరూ లేచి నిలబడండి. అవునమ్మా, మీరు కూడా. మోచేతులు మడిచి, పరిగెడుతున్నట్టు చేతులు ఆడించండి. ఇంకొంచెం వేగంగా. ఇప్పుడు వాచీ ఉన్న చేతిని మాత్రం గమనించండి. వాచీ మణికట్టు ఎముక మీదికి జారి కొట్టుకుంటోందా? డయలు పక్కకి తిరిగిపోతోందా? సరే, కూర్చోండి. నవ్వినవాళ్ళ సంగతి నాకు తెలిసిపోయింది.

మనలో చాలామంది నిమిషానికి 170, 180 అడుగులు వేస్తాం. రెండు అడుగులకి ఒక్కో చెయ్యి ఒకసారి ముందుకెళ్ళి వెనక్కొస్తుంది. అంటే నిమిషానికి 85, 90 సార్లు. నాలుగు గంటల మారథాన్‌లో అది దాదాపు 21 వేలసార్లు. వాచీ 80 గ్రాములుందా, 30 గ్రాములుందా అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. తేడా 50 గ్రాములే, ఒక కోడిగుడ్డంత. ఆ గుడ్డు తీసేస్తే మీరు వేగంగా పరిగెడతారని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళని నమ్మకండి. బరువు వల్ల వచ్చే అసలు చిక్కు వేరే.

వాచీ వెనక పచ్చ లైట్లు వెలుగుతాయి చూశారా, ఆ వెలుగును రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంది కాబట్టి తిరిగొచ్చే వెలుగు కూడా మారుతుంది. ఆ మార్పునే వాచీ లెక్కపెడుతుంది. వాచీ ఎగురుతుంటే బయటి వెలుతురు సందులోంచి లోపలికి దూరుతుంది, కుదుపు కూడా తోడవుతుంది. అప్పుడది గుండెను వదిలేసి మీ అడుగుల లయను పట్టుకుంటుంది. కేడెన్స్ లాక్ అంటారు దాన్ని. నెమ్మదిగా పరిగెడుతున్నా వాచీలో గుండె 176 అని కనిపిస్తే కంగారు పడకుండా ముందు అడుగులు లెక్కపెట్టుకోండి. అవి కూడా 176 ఉంటే, వాచీ లెక్కపెడుతున్నది మీ గుండెను కాదు, కాళ్ళను.

బరువైన వాచీ ఎగరకుండా ఉండాలంటే బెల్టు బిగించాలి. బిగిస్తే చర్మం ఒరుసుకుపోతుంది, చెమట నిలిచి దద్దుర్లొస్తాయి. తేలికైన వాచీకి అంత బిగింపు అక్కర్లేదు. మణికట్టు ఎముకకి ఒక వేలెడు పైన, పక్కకి తిరగనంత బిగువు చాలు. తేలిక వల్ల వచ్చే లాభం నా దృష్టిలో ఇదే. సన్నటి మణికట్టున్న వాళ్ళు ఇంకొకటి చూడాలి: వాచీ చెవులు, అంటే బెల్టు తగిలించే కొనలు, మణికట్టు దాటి బయటికి పొడుచుకొస్తున్నాయా అని. వస్తుంటే అది ఎంత తేలికైనా అడుగున సందు ఉంటుంది.

బరువు అంకెలు చదివేటప్పుడు కూడా జాగ్రత్త. కొందరు బెల్టుతో కలిపి చెబుతారు, కొందరు బెల్టు తీసేసి చెబుతారు. కోరోస్ పేస్ 3 నైలాన్ బెల్టుతో 30 గ్రాములు, సిలికాన్ బెల్టుతో 39. వాచీ అదే! గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 అయితే 37 గ్రాములు, అదే కంపెనీ ఫెనిక్స్ 7 అయితే 79. రెండో వరసలో కూర్చున్న బాబూ, మీ చేతికున్నది ఆ జాతిదే అనుకుంటాను. అది కొండలెక్కడానికి, రోజుల తరబడి అడవుల్లో తిరగడానికి చేసింది. మంచి వాచీయే. పార్కు చుట్టూ అయిదు కిలోమీటర్లకి మాత్రం అదొక ఇనప పెట్టె.

ఇక జీపీఎస్. దీని గురించి మాట్లాడమంటే నాకు ఆ 84 సెకన్లు గుర్తుకొస్తాయి. ఆ సంగతి చెప్పకుండా ముందుకెళ్ళలేను. నిర్వాహకులకి కూడా ఇది తెలిసే పిలిచారని నా అనుమానం.

అది నా నాలుగో మారథాన్. నాలుగు గంటల్లోపు ముగించాలని ఏడాది పాటు కష్టపడ్డాను. 42.195 కిలోమీటర్లు, నాలుగు గంటలు. భాగిస్తే కిలోమీటరుకి 5 నిమిషాల 41 సెకన్లు. లెక్కల టీచర్ని, అది నోటికే చేస్తాను. కొత్త వాచీ. తెర మీద పెద్ద అక్షరాలతో సగటు పేస్, అంటే కిలోమీటరుకి పట్టే టైము, 5:40. పదో కిలోమీటరు దగ్గర 5:40. ఇరవై దగ్గర 5:40. ముప్ఫై అయిదు దగ్గర కాళ్ళు మొరాయించినా, వాచీ 5:40 అనే చూపిస్తోంది. ఇంకేం కావాలి? దారి పక్కన పాతిన కిలోమీటరు బోర్డుల వైపు నేను తలెత్తి చూడలేదు. వాచీ ప్రతి కిలోమీటరుకీ బోర్డు కంటే ముందే కూతపెడుతోంది. మొదట్లో అయిదు మీటర్ల ముందు, తరవాత యాభై, ఆ తరవాత రెండొందలు. అది నాకు గొప్పగానే అనిపించింది, నేను బోర్డు కంటే ముందున్నానని! ఎవరైనా పిల్లవాడు క్లాసులో అలాంటి మాటంటే బెంచీ ఎక్కించేదాన్ని.

వాచీలో 42.2 పడేసరికి టైము 3 గంటల 59 నిమిషాల 6 సెకన్లు. చేతులు పైకెత్తాను. ఎత్తి చూస్తే ఎదురుగా ముగింపు గీత లేదు. రోడ్డుంది. ఇంకా నాలుగొందల మీటర్ల రోడ్డు. పక్కనుంచి వెళ్తున్నాయన నా వైపు జాలిగా చూసి, "ఇంకొంచెం ఉందండీ" అన్నాడు. ఆ నాలుగొందల మీటర్లు పరిగెత్తానో, పాకానో నాకు తెలీదు. 4 గంటల 1 నిమిషం 24 సెకన్లు. అనుకున్నదాని కంటే 84 సెకన్లు ఎక్కువ. వాచీలో మొత్తం దూరం 42.6. సగటు పేస్? 5:40. అప్పటికీ అదే మాట!

నేను ఊరుకునే మనిషిని కాదు. మెడల్ మెడలో వేయించుకుని తిన్నగా నిర్వాహకుల టెంటుకెళ్ళి, మీ దారి కొలత తప్పు, నాలుగొందల మీటర్లు ఎక్కువుంది, ఇదిగో వాచీ, అని గొడవ పెట్టుకున్నాను. అక్కడ ఓ మూల కూర్చునున్న పెద్దాయన లేచి, "దారి నేనే కొలిచానమ్మా, సైకిలు మీద" అన్నారు. సైకిలు మీదా! ఉపగ్రహాలు ఒకవైపు, సైకిలు ఒకవైపు. నాకు నవ్వొచ్చింది.

ఆయన నవ్వలేదు. స్టీలు టేపుతో కొలిచిన ముక్క మీద ముందు సైకిలు తొక్కి సరిచూస్తారట. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అని చిన్న పరికరం ఉంటుంది. దానిలో ఒక్కో అంకె దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు. టైరులో గాలి ఎండకి వ్యాకోచిస్తే కొలత మారుతుంది కాబట్టి, కొలవక ముందోసారి, కొలిచాక ఇంకోసారి అదే ముక్క మీద తొక్కుతారు. మలుపుల్లో అంచుకి ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి దారినే కొలుస్తారు. దారి ఏ పొరపాటునా తక్కువ కాకూడదని వెయ్యి మీటర్లకి ఒక మీటరు కలుపుతారు. మారథాన్ మొత్తానికి 42 మీటర్లు. "నేను కలిపింది 42 మీటర్లేనమ్మా. మిగతాది మీరు కలుపుకున్నారు. మలుపుల్లో ఎటువైపు పరిగెత్తారు?" అన్నారు.

బయటివైపు. గుంపు లేకుండా ఉంటుందని బయటివైపు. నీళ్ళ బల్ల ఎడమనుంటే ఎడమకి, కుడినుంటే కుడికి. అక్కడే నిలబడి లెక్కేశాను. లంబకోణం మలుపులో మూడు మీటర్లు బయటగా వెళ్తే, మూడుని పై విలువతో, అంటే 3.14తో, గుణించి రెండుతో భాగించాలి, 4.7 మీటర్లు అదనం. మలుపు పెద్దదైనా చిన్నదైనా అదనం అంతే, సరిచూసుకోండి. ఇరవై మలుపులకి 94 మీటర్లు. అది నా కాళ్ళ తప్పు. మిగిలింది వాచీ తప్పు, కానీ దాన్ని తప్పనడం కూడా న్యాయం కాదు.

ఎందుకంటే అది చేస్తున్న పని చూడండి. జీపీఎస్ ఉపగ్రహాలు మనకి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు ఎంతసేపట్లో అందాయో చూసి, ఈ 30 గ్రాముల బిళ్ళ మనం ఎక్కడున్నామో తేలుస్తుంది. టైములో సెకనులో పదిలక్షో వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా. 2000 మే నెల దాకా అమెరికా సాధారణ జనానికి అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి పంపేది. అప్పట్లో వంద మీటర్లు అటూఇటూ అయ్యేది. ఇప్పుడు కొన్ని మీటర్లే. కానీ ఎత్తైన భవనాల మధ్య సంకేతం గోడకి తగిలి వంకరదారిలో వస్తుంది, అంటే ఆలస్యంగా వస్తుంది. వాచీ మిమ్మల్ని రోడ్డవతల ఉన్నారనుకుంటుంది, మరుక్షణం ఇవతల. ఆ చుక్కలన్నీ కలిపితే గీత పాములా మెలికలు తిరుగుతుంది. మెలికల గీత తిన్నని గీత కంటే పొడవు. అలా పెరుగుతాయి మన కిలోమీటర్లు.

అందుకే ఇప్పుడు రెండు పౌనఃపున్యాల వాచీలొచ్చాయి, డ్యూయల్ బ్యాండ్ అంటున్నారు. పాతది 1575.42 మెగాహెర్ట్జ్, రెండోది 1176.45. రెండోదానిలో గోడకి తగిలొచ్చిన సంకేతాన్ని నేరుగా వచ్చినదాన్నుంచి విడదీయడం తేలిక. మీరు రోజూ పరిగెత్తేది ఎత్తైన భవనాల మధ్యో, దట్టమైన చెట్ల కిందో అయితే అది చూసి కొనండి. ఖాళీ మైదానంలో, చెరువు గట్టు మీద పరిగెత్తేవాళ్ళకి దాని అవసరం లేదు, బ్యాటరీ తినడం తప్ప.

నా 84 సెకన్ల దగ్గరికి మళ్ళీ వస్తాను. ఇంటికెళ్ళి కాగితం మీద వేశాను. నాలుగు గంటల్ని 42.6తో భాగిస్తే 5:38. కిలోమీటరుకి రెండంటే రెండు సెకన్లు. వాచీలో 5:40 బదులు 5:38 చూసుకుని పరిగెత్తి ఉంటే సరిపోయేది. లేదా ఇంకా తేలిక, బోర్డు దాటినప్పుడల్లా నా వేలితో నేనే ల్యాప్ బటన్, అంటే ఒక్కో కిలోమీటరు టైముని విడగొట్టే బటన్, నొక్కి, గడిచిన టైము మాత్రం చూసుకుంటే సరిపోయేది. ఇరవయ్యో బోర్డు దగ్గర 1 గంట 53 నిమిషాల 45 సెకన్లు దాటిందా లేదా? అంతే ప్రశ్న.

కాబట్టి వాచీ ఎంచుకునేటప్పుడు నేను బరువు తరవాత చూసేది బటన్లే, దయచేసి వినండి. తాకే తెర మాత్రమే ఉన్నది పరుగుకి వద్దు. చెమట వేళ్ళతో, వానలో, చేతి తొడుగులతో తెర మీద మీటి చూడండి, మీకే తెలుస్తుంది. చూడకుండా వేలికి తగిలే బటన్ కావాలి, దానంతటది కిలోమీటరు కొట్టే ఆటో ల్యాప్‌ని ఆపేసే వీలుండాలి. ఈ రెండూ లేని వాచీ ఇరవై గ్రాములే ఉన్నా నాకు అక్కర్లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, నిర్వాహకులు గడియారం చూస్తున్నారు. తెర తనంతట తానే వెలిగే అమోలెడ్ అయితే రంగులు బాగుంటాయి, బయటి వెలుతురుతో కనిపించే మిప్ రకమైతే ఎండ ఎంత కాస్తే అంత బాగా కనిపిస్తుంది, బ్యాటరీ కూడా ఆదా. నాకు మిప్ ఇష్టం, మీ ఇష్టం మీది. బ్యాటరీ గంటలు కొత్త వాచీకి చెప్పినవి. ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతాయి, కాబట్టి మీ అతి పొడవైన పరుగుకి రెట్టింపు ఉందా చూసుకోండి. పరుగుకి ముందు రాత్రి వాచీని ఫోన్‌తో ఒకసారి కలపండి. ఉపగ్రహాలు ఎక్కడుంటాయో ముందే తెలిసుంటే పొద్దున గీత దగ్గర చెయ్యి ఆకాశానికెత్తి నిలబడక్కర్లేదు. గుండె అంకె నిజంగా కావాలంటే ఛాతీ బెల్టు కొనుక్కోండి, ఏ వాచీ అయినా దాని తరవాతే. ఇక పొద్దున లేవగానే ఈ రోజు మీ ఒంట్లో ఓపిక ఇంత అని చెప్పే మార్కులంటారా, మా ఇంట్లో అద్దముంది, దాన్నడుగుతాను.

చివరి వరసలో అమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. ఆ, నాలుగు గంటల్లోపు ఆ తరవాతైనా ముగించానా అని అడుగుతోంది. ముగించాను. రెండేళ్ళ తరవాత, 3 గంటల 58 నిమిషాల్లో. వాచీ 42.5 చూపించింది. ముంజేతి మీద పెన్నుతో రాసుకున్న టైములు చెమటకి కారి, ఫోటోల్లో చెయ్యంతా నీలంగా పడింది.

ఇదిగో, బల్ల మీద చిన్న కాటా తెచ్చిపెట్టాను, గ్రాము కూడా చూపిస్తుంది. వాచీలు విప్పి తూచుకోండి, కంపెనీ చెప్పిన అంకె పక్కన రాసుకోండి. ముందు వరసవాళ్ళు మొదలుపెట్టండి. రెండో వరస బాబూ, నువ్వు కూడా. బెల్టు తీయకుండా.