చీటీల్లో వచ్చిన ప్రశ్నలు: అమలాపురం ఇంటర్ విద్యార్థులతో ఒక విమాన పైలట్

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, మాస్టార్లకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు, వెనక నిలబడి వింటున్న అమ్మానాన్నలకు.

మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలన్నీ మాస్టారు నాకు ముందే పంపారు. రెండుసార్లు చదివాను. అన్నిటికీ ఇవాళ జవాబు చెప్పలేను, కొన్నిటి దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నేను ఈ కోనసీమలోనే తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇప్పుడు ఎయిర్‌బస్ ఎ320 కెప్టెన్‌ని. మీ వయసులో నాకూ ఇవే సందేహాలు ఉండేవి. అడగడానికి మనిషి దొరకలేదు. అందుకే పిలవగానే వచ్చాను.

ఎక్కువమంది అడిగింది భయం గురించి. "విమానం ఊగిపోతుంటే మీకు భయం వెయ్యదా సార్?" అని.

కోటిపల్లి రేవులో పంటు, అంటే గోదావరి దాటించే పడవ, ఎక్కినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గోదావరి పైకి నిదానంగా ఉన్నట్టే ఉంటుంది, లోపల వడి ఉంటుంది, సుడులుంటాయి. గాలి కూడా అంతే. వేడెక్కిన నేల మీద నుంచి పైకి లేచే గాలి, కొండలు దాటి వచ్చే గాలి, చాలా ఎత్తులో నదిలా పారే జెట్ స్ట్రీమ్, వీటి అంచుల్లోకి వెళ్లినప్పుడు విమానం కుదుపుతుంది. వందల అడుగులు పడిపోయినట్టు మీకు అనిపిస్తుంది కానీ, మామూలు కుదుపులో మా ఎత్తు చూపించే మీటరు కొద్ది అడుగులు మాత్రమే కదులుతుంది. కిటికీలోంచి చూస్తే రెక్క చివర పైకీ కిందకీ ఊగుతూ కనిపిస్తుంది. అది ఊగేలాగే తయారు చేస్తారు. విమానం తన జీవితకాలంలో మోయాల్సి రావచ్చని లెక్కగట్టిన అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకుంటేనే ఆ డిజైన్‌కు అనుమతి ఇస్తారు.

కుదుపుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు పెట్టుకోనివాళ్లకు, నిలబడి పని చేసే క్యాబిన్ సిబ్బందికి. అందుకే బెల్టు గుర్తు ఆరిపోయినా, కూర్చున్నంతసేపూ పెట్టుకునే ఉండండి. విమానంలో మీ చేతిలో ఉన్న జాగ్రత్తల్లో అన్నిటికంటే పెద్దది అదే.

నిజంగా మేం దూరంగా ఉండేది ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక లేచే క్యుములోనింబస్ మేఘాలకు, అంటే ఉరుములు మెరుపులతో వచ్చే గాలివాన మేఘాలకు. అవి 40, 50 వేల అడుగుల దాకా పెరుగుతాయి. మా విమానం దాదాపు 39 వేల అడుగుల దాకానే వెళ్లగలదు. మీద నుంచి దాటలేం, మధ్యలోంచి పోకూడదు. ముక్కు భాగంలో ఉండే రాడార్ మేఘంలో నీళ్లు ఎక్కడ చిక్కగా ఉన్నాయో రంగుల్లో చూపిస్తుంది. వీలైతే 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్ల ఎడంగా చుట్టు తిరిగి వెళ్తాం. మీ ఫ్లైట్ ఆలస్యం కావడానికి ఒక్కోసారి కారణం ఆ చుట్టుదారే.

ఇంకో చీటీ: "రెండు ఇంజన్లూ ఆగిపోతే?"

ముందు ఒక ఇంజను సంగతి చెప్తాను. రన్‌వే మీద పరుగు మొదలుపెట్టాక వీ1 అనే వేగం ఒకటి ఉంటుంది. విమానం బరువు, ఎండ తీవ్రత, గాలి, రన్‌వే పొడవు చూసి ప్రతి ఫ్లైట్‌కీ దాన్ని విడిగా లెక్కగడతాం. ఆ వేగం లోపు ఇంజను పోతే ఆగిపోతాం. దాటాక పోతే ఆగకూడదు, ఒక్క ఇంజనుతోనే పైకి లేవాలి. అది లేవగలదు కూడా. కెప్టెన్ చెయ్యి ఇంజను లీవర్ల మీదే ఉంటుంది. "వీ1" అని వినపడగానే ఆ చెయ్యి తీసేస్తాడు. ఇక ఆపే ఆలోచన మనసులోకి కూడా రాకూడదని ఆ పద్ధతి పెట్టారు. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో మాకు పరీక్ష ఉంటుంది, ఇంజను పోవడం అందులో తప్పనిసరిగా వస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ముందు రోజు రాత్రి నేను పుస్తకాలు తీసి కూర్చుంటాను.

ఇక రెండూ ఆగిపోవడం చాలా చాలా అరుదు. అప్పుడు కూడా విమానం రాయిలా పడిపోదు, జారుకుంటూ దిగుతుంది. 35 వేల అడుగుల నుంచి గాలి అనుకూలంగా ఉంటే 150 కిలోమీటర్ల దాకా వెళ్లగలదు. 2001 ఆగస్టులో అట్లాంటిక్ సముద్రం మీద ఒక ఎ330 ఇంధనం కారిపోయి రెండు ఇంజన్లూ పోగొట్టుకుంది. దాదాపు 120 కిలోమీటర్లు జారుకుంటూ వెళ్లి అజోర్స్ దీవుల్లో దిగింది. అందులో ఉన్న 306 మందీ బతికారు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ దెబ్బతిన్న ఎ320 హడ్సన్ నదిలో దిగింది. పక్షులు తగిలినప్పుడు అది మూడు వేల అడుగుల ఎత్తులో కూడా లేదు. ఆలోచించుకోవడానికి పైలట్లకు దొరికింది మూడున్నర నిమిషాలు. 155 మందీ క్షేమంగా బయటపడ్డారు.

"ఆటోపైలట్ ఉంటే ఇక మీరెందుకు?" అని ఒకరు సూటిగా అడిగారు. మంచి ప్రశ్న. ఆటోపైలట్ మనం చెప్పిన ఎత్తులో, చెప్పిన దిక్కులో, చెప్పిన వేగంతో తీసుకెళ్తుంది. ఎటు వెళ్లాలో, వెళ్లాలో వద్దో అది నిర్ణయించదు. విమానాన్ని నేల మీంచి లేపేది మనిషే. దించేది కూడా చాలాసార్లు మనిషే. ఢిల్లీలో శీతాకాలం పొగమంచు కమ్మినప్పుడు ఆటోపైలట్‌తోనే దించుతాం. దానికి రన్‌వే దగ్గర ప్రత్యేకమైన పరికరాలు, మాకు ప్రత్యేకమైన శిక్షణ ఉండాలి. ఆ రోజు మా పని తగ్గదు, పెరుగుతుంది.

ఇప్పుడు నా మనసుకు దగ్గరగా ఉన్న చీటీ. "సార్, నాది తెలుగు మీడియం. ఇంగ్లీష్ సరిగ్గా రాదు. పైలట్ కాగలనా?"

కాగలవు తల్లీ. చీటీ మీద పేరు లేదు, చేతిరాత చూసి అమ్మాయి అనుకుంటున్నాను. రేడియోలో మాట్లాడే ఇంగ్లీష్‌కు ఒక పద్ధతి ఉంది, అచ్చు గుద్దినట్టు అవే మాటలు. నేల మీది కంట్రోలర్లు చెప్పింది మనం తిరిగి అప్పజెప్పాలి, తప్పయితే వాళ్లు దిద్దుతారు. అర్థం కాకపోతే "సే అగైన్" అనాలి. శిక్షణ మొదలైన కొత్తలో ఆ మాట అనడానికి నాకు సిగ్గుగా ఉండేది. అందరూ నవ్వుతారేమో, వీడికి భాష రాదనుకుంటారేమో అని టెన్షన్. ఒకరోజు మా ఇన్‌స్ట్రక్టర్ నన్ను కూర్చోబెట్టి టెనెరిఫ్ ప్రమాదం గురించి చెప్పారు.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అంతకంటే పెద్ద ప్రమాదం జరగలేదు. పొగమంచు ఉంది. టేకాఫ్‌కు అనుమతి రాకుండానే ఒక విమానం పరుగు మొదలుపెట్టింది. రెండు రేడియో మాటలు ఒకేసారి రావడంతో అసలు మాట వినపడలేదు. అవతలి విమానం ఇంకా రన్‌వే మీద ఉందేమోనని ఆ కాక్‌పిట్‌లోనే ఉన్న ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. కెప్టెన్ చాలా అనుభవం ఉన్నవాడు, లేదన్నాడు. ఆ తర్వాత ఎవరూ గట్టిగా ఆపలేదు.

అప్పటి నుంచి చాలా మారింది. "టేకాఫ్" అనే మాట ఇప్పుడు అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప రేడియోలో వాడరు. కాక్‌పిట్‌లో చిన్నవాళ్లు పెద్దవాళ్లను ఎలా ప్రశ్నించాలో, పెద్దవాళ్లు ఎలా వినాలో ప్రతి పైలట్‌కూ నేర్పుతారు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెంచుతారు. అందువల్ల మన పిల్లలకు విమానం నడపడం కంటే ఇది నేర్చుకోవడమే కష్టమని నా అనుభవం. నా పక్కన కొత్త ఫస్ట్ ఆఫీసర్ కూర్చుంటే మొదటి రోజే చెప్తాను: "నాకు తెలుసులే అనుకుని ఊరుకోవద్దు బాబూ, తేడాగా అనిపిస్తే నోరు తెరువు." ఇంగ్లీష్ మూడు నెలల్లో వస్తుంది. అర్థం కాలేదని పైకి అనడం ఇవాళే మీ క్లాసులో మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ మా నాన్నగారి సంగతి ఒకటి చెప్పాలి. కొబ్బరి వ్యాపారం మీద ఏళ్ల తరబడి కోటిపల్లి రేవు దాటి కాకినాడ వెళ్లేవారు. నేను కెప్టెన్ అయ్యాక ఒక అక్టోబరులో హైదరాబాద్ నుంచి రాజమండ్రికి నా ఫ్లైట్‌లోనే ఎక్కారు. జీవితంలో అదే మొదటిసారి. బయల్దేరేటప్పటికి వాతావరణం బాగానే ఉంది. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి దగ్గరకొచ్చేసరికి కుండపోత. ఏ ఎత్తుకొచ్చేసరికి రన్‌వే కనపడాలో ముందే రాసి ఉంటుంది. ఆ ఎత్తుకు వచ్చాం. అద్దం మీద నీళ్లు తప్ప ఏమీ లేదు. "గో అరౌండ్" అన్నాను. ఇంజన్లు గట్టిగా మోగాయి, విమానం మళ్లీ పైకి లేచింది. కాసేపు గాలిలో చక్కర్లు కొట్టాం. వాన తగ్గలేదు. హైదరాబాద్ వెనక్కి వెళ్లిపోయాం.

ఇంధనం ఎలా అంటారా? అది బయల్దేరే ముందే నింపుకుంటాం. గమ్యానికి సరిపడా, దారిలో అటూ ఇటూ అయితే కొంత, దిగలేకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లడానికి, అది అయ్యాక కూడా ఇంకో 30 నిమిషాలు గాలిలో ఉండటానికి. వెనక్కి తిరగడం ముందుగా వేసుకున్న లెక్కే.

అయినా నా గుండె బరువెక్కింది. వెనక నాన్న ఉన్నారు, రాజమండ్రిలో అమ్మ ఎదురుచూస్తోంది. దిగాక ఆయన దగ్గరకెళ్లి "సారీ నాన్నా" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఎందుకురా సారీ? గోదావరి పోటు మీద ఉన్నప్పుడు పంటు నడిపే సరంగు దాన్ని కట్టేసేవాడు. ఎన్ని రాత్రులు రేవులో పడుకున్నానో నీకు తెలీదు. మర్నాడు పొద్దున్న అదే సరంగు మమ్మల్ని దాటించేవాడు" అన్నారు. నేను ఇన్నాళ్లు చదివిన ఏ మాన్యువల్‌లోనూ నా ఉద్యోగం గురించి ఇంత సూటిగా చెప్పలేదు. కాబట్టి మీ విమానం దిగబోతూ మళ్లీ పైకి లేస్తే, పైలట్‌కు చేతకాలేదని అనుకోకండి. ఆ నిమిషంలో మీ కోసం చెయ్యాల్సింది చేశాడు.

ఇప్పుడు అమ్మానాన్నలతో మాట్లాడాలి. ఏం చదవాలి, ఎంత అవుతుంది అన్నది.

ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. బైపీసీ వాళ్లు ఓపెన్ స్కూల్‌లో లెక్కల పరీక్ష రాసి పాసై వచ్చిన సందర్భాలున్నాయి. కళ్లద్దాలు ఉన్నా ఫరవాలేదు, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే చాలు. రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉంటే మాత్రం కష్టం. కమర్షియల్ లైసెన్స్‌కు 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగిరి ఉండాలి. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, నిబంధనలు, విమాన సాంకేతికత మీద పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షల్లో 70 శాతం మార్కులు రావాలి. రేడియో పరీక్ష విడిగా ఉంటుంది.

ఖర్చు దాచకుండా చెప్తాను. నా దగ్గరకొచ్చిన పిల్లల లెక్కలు చూస్తే లైసెన్స్‌కే 50 లక్షలు దాటుతోంది. ఆ తర్వాత ఫలానా విమానం నడపడానికి టైప్ రేటింగ్, దానికి మళ్లీ లక్షలు. లైసెన్స్ చేతికొచ్చిన రోజే ఉద్యోగం రాదు. ఏడాది, రెండేళ్లు ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు. ఆ మధ్యకాలంలో అప్పు వడ్డీ ఆగదు.

నాకు తెలిసిన ఒక కుటుంబం పొలం అమ్మి ఫీజు మొత్తం ఒక్కసారే కట్టేసింది. శిక్షణ సగంలో ఉండగా, పైలట్ ఉద్యోగానికి తప్పనిసరి అయిన క్లాస్ 1 వైద్య పరీక్షలో అబ్బాయికి ఇబ్బంది బయటపడింది. కట్టిన డబ్బులో ఎక్కువ భాగం వెనక్కి రాలేదు. ఆ తండ్రి ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. దయచేసి వరస మార్చకండి. మొదట క్లాస్ 2 మెడికల్, అంటే శిక్షణ మొదలుపెట్టడానికి చేసే వైద్య పరీక్ష. అది అవగానే క్లాస్ 1, బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ లాంటి చోట్ల చేస్తారు. అది చేతికొచ్చాకే ఫీజు మాట. స్కూలుకు డీజీసీఏ ఆమోదం ఉందో లేదో చూడండి. అక్కడికి స్వయంగా వెళ్లండి. ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, నెలకు ఎన్ని గంటలు ఇస్తున్నారో అక్కడ చదివే పిల్లల్నే అడగండి. ఉద్యోగం గ్యారంటీ అన్నవాళ్ల దగ్గర సంతకం పెట్టకండి.

అయితే ఆ 200 గంటల్లో ఒక రోజు ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ తలుపు తీసి దిగిపోయి, "ఒక సర్క్యూట్ కొట్టి రా" అంటారు, అంటే లేచి, రన్‌వే చుట్టూ ఒక చుట్టు తిరిగి దిగమని. పక్క సీటు ఖాళీ. చిన్న సెస్నా విమానంలో ఒక మనిషి బరువు తగ్గితే తేడా తెలిసిపోతుంది, అనుకున్నదానికంటే ముందే నేల విడుస్తుంది. గాల్లో నేను గట్టిగా అరిచాను. వినడానికి ఎవరూ లేరు. దిగాక బకెట్‌తో నీళ్లు పోశారు. ఆ పది నిమిషాల కోసం నేను మళ్లీ మొదటి నుంచి చదవమన్నా చదువుతాను.

"అమ్మాయిలకు ఉద్యోగాలిస్తారా?" ఇస్తారు. ప్రపంచ సగటు కంటే మన దేశంలో మహిళా పైలట్ల శాతం చాలా ఎక్కువ. మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ గారు 1947లో కమర్షియల్ లైసెన్స్ తీసుకున్నారు. ఆవిడను పైలట్‌గా తీసుకున్నది మన హైదరాబాద్‌కు చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్.

చివరి చీటీ. "పైనుంచి మన ఊరు కనిపిస్తుందా సార్?"

కనిపిస్తుంది నాన్నా. 35 వేల అడుగుల ఎత్తులో ఆకాశం తేటగా ఉంటే చుట్టూ 350 కిలోమీటర్ల దాకా చూపు పోతుంది. చెన్నై నుంచి విశాఖ వెళ్లే రాత్రి ఫ్లైట్‌లో తీరం వెంబడి వస్తుంటే ముందు కృష్ణ పాయలు, తర్వాత మనవి. దూరంగా ధవళేశ్వరం ఆనకట్ట మీది దీపాలు సన్నటి గీతలా ఉంటాయి. అక్కడి నుంచి గౌతమి ఒకవైపు, వసిష్ఠ ఒకవైపు, దీపాల్లేని నల్లటి పట్టీల్లా సముద్రం దాకా వస్తాయి. ఆ రెంటి మధ్య మిణుకుమిణుకుమనేదంతా మన కోనసీమే. ఎప్పుడైనా ఆ ఫ్లైట్ ఎక్కితే ఎడమవైపు కిటికీ సీటు అడిగి తీసుకోండి.