తుమ్మబంకా, తపసి బంకా?

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను.

చిన్నప్పుడు చిరిగిన పుస్తకాలకు రాసిన తుమ్మబంక గుర్తుందా? ఒడియాలో అఠా అంటారు. ఆ బంకతో ఫోటోలు కూడా అచ్చు వేయొచ్చు. 1890లలో ఫ్రాన్సులో రాబర్ట్ డెమాషీ వేసినవి చూస్తే చేత్తో గీసిన బొమ్మలే అనిపిస్తాయి. బంకనీళ్లలో నీటిరంగు, డైక్రోమేట్ అనే రసాయనం కలిపి కాగితానికి పూస్తారు. ఆరాక పైన నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచుతారు. ఎండ తగిలినచోట బంక గట్టిపడి రంగును పట్టుకుంటుంది. మిగతాది మామూలు నీళ్లలో కరిగిపోతుంది.

నేను మొదటిసారి సంతలో బంక కొని రాత్రి నానబెట్టాను. తెల్లారి చూస్తే గిన్నె నిండా తాటిముంజెల్లా ఉబ్బి ఉంది. ఎంత కలిపినా కరగలేదు, పైగా పుల్లటి వాసన. పొయ్యి మీద పెట్టబోతుంటే మా పెద్దమ్మ ఆపింది. రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది తుమ్మబంక కాదురా, తపసి బంక" అంది. అవును మరి! తపసి బంక నీళ్లు తాగి ఉబ్బుతుంది. తుమ్మబంక నీళ్లలో కరుగుతుంది. మరోసారి చెబుతాను: ఉబ్బేది తపసి, కరిగేది తుమ్మ. ఫోటోకి కావలసింది కరిగేదే.

వంద గ్రాముల తుమ్మబంకను దంచి, పల్చని గుడ్డలో మూట కట్టండి. 200 మిల్లీలీటర్ల చన్నీళ్లున్న సీసాలో, మూట పైభాగాన మునిగేలా వేలాడదీయండి. కరిగిన బంక బరువుగా అడుగుకు దిగుతుంది, మూట చుట్టూ పల్చని నీళ్లు చేరుతూనే ఉంటాయి. బంకను నేరుగా సీసా అడుగున పోస్తే మాత్రం ముద్దకట్టి కూర్చుంటుంది. ఒకటి రెండు రోజులు ఆగండి. తొందరపడి మరిగించకండి. చివర్లో ఇంకోసారి వడకట్టండి, చెక్కముక్కలూ ఇసుకా గుడ్డలో ఉండిపోతాయి. మన ఎండలకు త్వరగా పులుస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

డైక్రోమేట్ మాత్రం విషం, క్యాన్సర్ తెచ్చేది. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, వంటగిన్నెల్లో కలపవద్దు, పిల్లలకు అందనివ్వవద్దు.

అది కొనే ముందు ఈ రాత్రికి ఒక పని చేయండి. కొట్లో తెచ్చిన బంకలోంచి చిన్న పలుకు ఒక్కటి గ్లాసుడు నీళ్లలో వేసి పడుకోండి. పొద్దున్న అది ఉబ్బిందో, కరిగిందో చూడండి.