ఎండ ఏ వేళప్పుడు, నూనె ఎంత?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులన్నీ పక్కన పెట్టి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

ఈ మధ్య అనంతపురంలో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది రెండు రిపోర్టులు పట్టుకొని వస్తున్నారు. ఒకదాంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువ, ఇంకోదాంట్లో విటమిన్ డి తక్కువ. చూడగానే టెన్షన్. ఆ టెన్షన్లో వాళ్ళు ఏమేం చేస్తున్నారో వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ళెవరూ నిర్లక్ష్యంగా లేరు, బాగా కష్టపడుతున్నారు. డి కోసమని ఐదున్నరకే లేచి చీకట్లో నడుస్తారు, కొలెస్ట్రాల్ కోసమని గుడ్డు మానేస్తారు, ఇంట్లో పిల్లలకూ మాన్పిస్తారు, శనక్కాయల చట్నీ కూడా బంద్ చేస్తారు, తీరా మూడు నెలలకు మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే రెండు అంకెలూ ఉన్నచోటే ఉంటాయి. పడ్డ కష్టమంతా పనికిరాని చోట పెడుతున్నారు. దాన్ని పనికొచ్చే చోటికి ఎలా మళ్ళించాలో ఈ రోజు చెప్తాను.

ముందు ఎండ సంగతి. ఎండలోని యూవీబీ అనే కిరణం చర్మం మీద పడితే, చర్మంలో ఉన్న ఒక కొవ్వు పదార్థం డి3గా మారుతుంది. అది కాలేయంలో ఒకసారి, కిడ్నీలో ఇంకోసారి మారాక ఒంటికి పనికొచ్చే రూపానికి వస్తుంది. ఈ కిరణానికి ఒక ఇబ్బంది ఉంది. సూర్యుడు కిందికి వాలి ఉన్నప్పుడు అది చాలా దూరం గాలిలో ప్రయాణించాలి, దారిలో ఓజోన్ పొరే దాదాపు అంతా మింగేస్తుంది. అందుకే పొద్దున ఆరు గంటల ఎండ హాయిగా ఉంటుంది, నడకకు బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ డి మాత్రం ఇవ్వదు. సాయంత్రం ఐదు గంటల ఎండా అంతే. గుర్తు పెట్టుకోవడానికి సులువైన లెక్క ఒకటుంది: నేల మీద మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే ఆ ఎండలో డి తయారవుతుంది. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే ఎంతసేపు నిలబడినా పెద్దగా లాభం ఉండదు.

మన ఊరికి ఈ లెక్క వేసి చూస్తే ఎంత అదృష్టమో అర్థమవుతుంది. అనంతపురం భూమధ్యరేఖకు సుమారు 14.7 డిగ్రీల ఉత్తరాన ఉంది, కడప కాస్త కిందికి, కర్నూలు కాస్త పైకి. డిసెంబరు నెలాఖరులో, అంటే సూర్యుడు మనకు బాగా దూరంగా జరిగిన రోజుల్లో కూడా, మిట్టమధ్యాహ్నం ఆయన ఆకాశంలో 50 డిగ్రీల పైనే ఉంటాడు. ఆ నెలలో మన నీడ ఉదయం సుమారు పదిముప్పావు నుంచి మధ్యాహ్నం దాదాపు రెండు దాకా మనకంటే పొట్టిగానే ఉంటుంది. మే నెలలోనైతే తొమ్మిదింబావుకే ఆ వేళ మొదలైపోతుంది. లండన్లో ఉండేవాళ్ళకు చలికాలంలో నెలల తరబడి ఈ కిరణం అందదు, మనకు ఏడాదిలో అందని నెలంటూ లేదు. ఓర్వకల్లు వైపు వెళ్తే కనుచూపు మేర సోలార్ పలకలు కనిపిస్తాయి, కర్నూలు సోలార్ పార్కు 1000 మెగావాట్లు, అంత ఎండ ఉన్న నేల మీద మన ఆడవాళ్ళ రిపోర్టుల్లో డి పన్నెండు, పద్నాలుగు చూస్తుంటే నాకు ఊరుకోబుద్ధి కాదు. ఇరవై కంటే తక్కువైతే లోపం కిందే లెక్క.

ఎందుకు తగ్గుతోంది? మనం ఎండ ఉన్నచోట బతుకుతున్నామే కానీ ఎండలో బతకడం లేదు. ఆఫీసు, బడి, బ్యాంకు, వంటిల్లు, అన్నీ కప్పు కిందే. బయటికి వస్తే బండి మీద ముఖానికి చున్నీ, చేతులకు పొడుగు గ్లౌజులు. అద్దాల కిటికీ పక్కన కూర్చుంటే వెచ్చగా ఉంటుంది కానీ అద్దం యూవీబీని లోపలికి రానివ్వదు. పైగా మన చామనఛాయ చర్మం ఎండ దెబ్బ నుంచి మనల్ని కాపాడుతుంది, ఆ కాపాడటంలో భాగంగానే డి తయారీకి ఎక్కువ సమయం తీసుకుంటుంది. తెల్లవాళ్ళకు పది నిమిషాలు చాలన్న మాట మనకు వర్తించదు. వారంలో నాలుగైదు రోజులు, ముఖం, మోచేతుల దాకా చేతులు, వీలైతే పిక్కలు కూడా ఎండకు తగిలేలా అరగంట అటూఇటూగా ఉండాలి.

ఇందాక ఒక అక్క అడిగారు, మేలో పదకొండు గంటలకు నిలబడితే వడదెబ్బ తగలదా అని. తగులుతుంది, అందుకే మేలో ఆ పని చేయొద్దు. ఎండాకాలం తొమ్మిదిన్నర ప్రాంతంలో మిద్దె మీదికి వెళ్ళి మిరపకాయలో, వడియాలో ఆరబెట్టుకొని, బట్టలు ఆరేసుకొని పావుగంట, ఇరవై నిమిషాల్లో దిగిపోండి. చలికాలంలో పదకొండు, పదకొండున్నరకు వెళ్ళండి. చర్మం మండేదాకా ఉండక్కర్లేదు. ఎండతో డి ఎక్కువై ప్రమాదం వస్తుందన్న భయం కూడా అక్కర్లేదు, మోతాదు మించితే అదే ఎండ చర్మంలోని అదనపు డిని విరిచేస్తుంది.

మాత్రలకు, పొడికి ఆ కాపలా లేదు. ఇది చాలా ముఖ్యం కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను. 60,000 యూనిట్ల ప్యాకెట్టు మీ అందరికీ తెలిసిందే, సాధారణంగా వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాస్తాం. కొందరు ఆ పాత చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కుంటూ ఏడాది, రెండేళ్ళు వారంవారం వేసుకుంటున్నారు. పెద్దవాళ్ళకు రోజుకు కావాల్సింది 600 యూనిట్లని మన దేశపు వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2020లో చెప్పింది. వారానికొక ప్యాకెట్టంటే రోజుకు ఎనిమిదిన్నర వేలు పడుతున్నట్టు. లోపం పూడ్చడానికి కొన్ని వారాలు అంత ఇవ్వచ్చు, ఏళ్ళ తరబడి వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరుగుతుంది, ఆకలి పోతుంది, వాంతులు, మలబద్ధకం, దాహం, చివరికి కిడ్నీలకు దెబ్బ. అసలే మన ఎండలకు, ఒంట్లోంచి పోయే నీళ్ళకు కిడ్నీలో రాళ్ళు ఎక్కువ. కోర్సు అయ్యాక ఆపాలా, నెలకొకటి వేసుకోవాలా అన్నది పరీక్ష చేయించి డాక్టరునే అడగండి. ఇంకో మాట, అది కొవ్వులో కరిగే విటమిన్, ఖాళీ కడుపుతో కాకుండా భోజనం తర్వాత పాలతో వేసుకోండి.

తిండిలో డి ఎంత దొరుకుతుందంటే, నిజం చెప్పాలి, చాలా తక్కువ. ఒక గుడ్డు పచ్చసొనలో 40 యూనిట్లు. సముద్రపు కొవ్వు చేపల్లో బాగా ఉంటుంది, అవి మనకు రోజూ దొరికేవి కావు. పాల ప్యాకెట్ల మీద, నూనె ప్యాకెట్ల మీద నీలిరంగులో ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే అందులో ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం, ఈసారి కొనేటప్పుడు చూడండి. పుట్టగొడుగుల్ని ముక్కలు కోసి మధ్యాహ్నం ఎండలో ఒక అరగంట పెడితే వాటిలోనూ డి2 తయారవుతుంది, ఆసక్తి ఉన్నవాళ్ళు చేయచ్చు. తిండి నుంచి మనం రాబట్టాల్సింది కాల్షియం. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఆరోగ్యంగా కనిపించే మన ప్రాంతపు మనుషుల్లోనే, పల్లెల్లోనూ పట్నంలోనూ, డి తక్కువగా ఉండటమే కాకుండా తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ అని తేలింది. పొలంలో పనిచేసేవాళ్ళు కాస్త నయం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో అంతకు మూడు రెట్లకు పైనే. రాగుల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టిస్తే ఫైటేట్లు తగ్గుతాయి. రాగి అంబలి పులియబెట్టుకుని తాగినా అంతే.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. డి వేసుకుంటే కొలెస్ట్రాల్ తగ్గుతుందని ఫోన్లలో తిరుగుతోంది. చర్మంలో డి తయారయ్యే ముడిసరుకు, కొలెస్ట్రాల్‌కు ముందు రూపం ఒకటే, ఆ మాట నిజం, అక్కడి నుంచి కథ అల్లేశారు. అమెరికాలో 25,871 మందితో వైటల్ అనే పెద్ద పరిశోధన జరిగింది, రోజుకు 2000 యూనిట్ల డి ఏళ్ళ తరబడి ఇచ్చి చూశారు, 2018లో ఫలితాలు చెప్పారు. గుండెపోట్లు తగ్గలేదు. డి ఎముకకు, కండకు కావాలి, ఆ పని అది చేస్తుంది. కొలెస్ట్రాల్ సంగతి మనం వేరేగా చూసుకోవాల్సిందే.

ఆ రిపోర్టు ఎలా చూడాలి? ఒక ఉదాహరణ తీసుకుందాం. టోటల్ కొలెస్ట్రాల్ 198, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34, రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 260. చాలామంది మొదటి అంకె చూసి, 200 లోపే ఉంది కదా అని కాగితం మడిచేస్తారు. ఆగండి. 198 లోంచి మంచిదైన 34 తీసేయండి, 164 మిగిలింది. రక్తనాళాల గోడల్లో పేరుకునే సరుకంతా ఈ 164లో ఉంది, మామూలు మనిషికి అది 130 లోపు ఉండాలి. అందులో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ అయితే వంద లోపు, షుగరు లాంటివి ఉండి ముప్పు ఎక్కువైతే 70 లోపు, ఇదివరకే గుండెపోటు వచ్చినవాళ్ళకు 55 లోపు ఉండాలని 2024లో మన దేశపు కార్డియాలజీ సొసైటీ చెప్పింది. నేను చెప్పిన ఉదాహరణలో హెచ్‌డీఎల్ తక్కువ, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, మన దేశంలో బాగా కనిపించే తీరు ఇదే. దీన్ని తెచ్చిపెట్టేది గుడ్డు కాదు. మూడు పూటలా అన్నం, టీలో చక్కెర, బేకరీ తిండి, మందు, కదలకుండా కూర్చోవడం, పొట్ట. అవసరానికి మించిన పిండి పదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది.

కాబట్టి ముందు ముద్ద సైజు చూడండి. సంగటి తింటున్నామండీ అని చాలామంది ధీమాగా చెప్తారు, బియ్యమెంత, రాగిపిండి ఎంత అని అడిగితే ముక్కాలు భాగం బియ్యమే. రాగిపిండి పెంచండి, ముద్ద చిన్నది చేయండి, పక్కన పప్పు, ఆకుకూర, ఉలవచారు పెంచండి. జొన్నరొట్టె ఒకటి తిని కూర రెండు గరిటెలు వేసుకోండి. అలసందలు, ఉలవలు, పెసలు, గోరుచిక్కుడు, బెండకాయ, జామ, మెంతులు, వీటిలో నీళ్ళల్లో కరిగే పీచు ఉంటుంది. కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారు చేసి పేగులోకి పంపుతుంది, మామూలుగా అందులో ఎక్కువ భాగం మళ్ళీ వెనక్కి పీల్చుకుంటుంది. ఈ జిగురు పీచు దాన్ని పట్టుకొని బయటికి తీసుకుపోతే, కాలేయం కొత్తది చేయడానికి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కోవాల్సి వస్తుంది. ఓట్స్‌కు ఇంత పేరు రావడానికి కారణం ఈ పీచే. ఓట్స్ తినాలనుకుంటే తినండి, బార్లీలోనూ అదే పీచు ఉంది, ధర కూడా తక్కువ.

శనక్కాయల్ని దయచేసి దూరం చేసుకోవద్దు. కొలెస్ట్రాల్ మాంసం, గుడ్డు, పాలలాంటి జంతు పదార్థాల్లోనే ఉంటుంది, గింజలో ఉండదు. ఆ లెక్కన నూనె ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ లేదని రాసుకోవడంలో గొప్పేమీ లేదు, ఏ మొక్క నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. శనగనూనెలో కొవ్వు ఎక్కువగా మంచి రకమే. ఉడికించినవో వేయించినవో రోజూ ఒక పిడికెడు తినండి, ఉప్పు తగ్గించండి. కానీ గానుగ నూనె కదా అని ధారగా పోసేయడం సరికాదు, గానుగదైనా ప్యాకెట్‌దైనా గ్రాముకు తొమ్మిది కేలరీలే. మనిషికి నెలకు అర లీటరు చొప్పున నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు పెట్టుకోండి. ఒకటో తారీకున ఆ రెండు లీటర్లు విడిగా పక్కన పెట్టి, నెలాఖరుకు ఎన్ని రోజులు ముందు అయిపోయిందో చూడండి, మీ వంటింటి సంగతి మీకే తెలిసిపోతుంది.

ఉగ్గాని, బజ్జీ గురించి చెప్పకుండా ఈ జిల్లాలో నూనె మాట ముగియదు. ఉగ్గాని వేరే, బజ్జీ వేరే. బొరుగులు, ఉల్లిపాయ, టమోటా, పుట్నాల పొడితో చేసే ఉగ్గాని నూనె తగ్గించి ఇంట్లో చేసుకుంటే తప్పేమీ లేదు. బండి మీద బజ్జీలు వేసేది ఎక్కువగా పామాయిల్‌లో, అందులో ఎల్‌డీఎల్‌ను పెంచే గట్టి కొవ్వు సుమారు 40 శాతం పైన, దాన్నే నల్లబడేదాకా కాస్తే ఇంకా చెడుతుంది. నెలకొకసారి తినండి, రోజూ వద్దు. వనస్పతి వద్దే వద్దు. నెయ్యి రోజుకొక చెంచా చాలు. పొట్టేలు మాంసం ఆదివారం తినేవాళ్ళు కొవ్వు ముక్క తీసేయించండి, కోడి చర్మం తీసేయించండి. గుడ్డు మామూలు మనిషి రోజుకొకటి తినచ్చు, ఎల్‌డీఎల్ బాగా ఎక్కువున్నవాళ్ళు, షుగరున్నవాళ్ళు డాక్టరునడిగి సర్దుకోండి.

నడక వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత కానీ పాట పాడలేనంత వేగంతో. తెల్లవారుజామున నడిచేవాళ్ళు మానకండి, అది గుండెకు. డి కోసం మిద్దె మీది అరగంట వేరే. బరువు ఐదు నుంచి పది శాతం తగ్గితే ట్రైగ్లిజరైడ్స్ బాగా దిగుతాయి. ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే డి అందులో ఇరుక్కుపోతుంది, అంటే బరువు తగ్గితే డి రిపోర్టు కూడా మెరుగవుతుంది. బీడీ, సిగరెట్ హెచ్‌డీఎల్‌ను పడేస్తాయి.

ఇంత చేసినా తిండికి ఒక హద్దుంది. గట్టిగా పాటిస్తే ఎల్‌డీఎల్ మామూలుగా పది, పదిహేను శాతం తగ్గుతుంది. 190 దాటిన ఎల్‌డీఎల్ తరచూ పుట్టుకతో వచ్చిన తేడా వల్ల ఉంటుంది, అది సంగటితో దిగదు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు కావాలి. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష ఒకసారి చేయించండి. గుండెపోటు వచ్చి, స్టెంట్ వేసుకున్నవాళ్ళు ఎవరో వీడియోలో చెప్పారని మాత్రలు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర వల్ల ఒళ్ళు నొప్పులనిపిస్తే ఆపేముందు డాక్టరుకు చెప్పండి, వేరే రకం ఉంది, మోతాదు తగ్గించే దారి ఉంది, డి లోపం వల్ల కూడా అలాంటి నొప్పులు వస్తాయి.

మార్పులు మొదలుపెట్టాక మూడు నెలలు ఆగి, అదే ల్యాబులో మళ్ళీ చేయించండి. లిపిడ్ పరీక్షకు, అంటే ఈ కొలెస్ట్రాల్ పరీక్షకు, పరగడుపున వెళ్ళాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు, ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే మాత్రం పరగడుపున ఇంకోసారి చేయించాలి. ఇంట్లో మగవాళ్ళకు 55 లోపు, ఆడవాళ్ళకు 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే పిల్లలకు కూడా ఒకసారి లిపిడ్ పరీక్ష చేయించండి, వాళ్ళు సన్నగా ఉన్నా సరే. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్ళు ముందు వరుసలోకి రండి, ఒక్కొక్కటీ చూద్దాం.