నార్వే తీరం వెంట 12 రోజుల ఓడ ప్రయాణం: కిటికీకి డబ్బులు పెట్టకండి!

అందరికీ నమస్కారం. ముందుగా డబ్బుల సంగతి చెప్పేస్తాను. ఈ ట్రిప్‌లో నా టికెట్‌లో సగం ఒక ట్రావెల్ ఏజెన్సీ పెట్టుకుంది. మిగతా సగం, మా ఆవిడ టికెట్, కాఫీ ఖర్చులు అన్నీ నావే. కాఫీ అని విడిగా ఎందుకు అన్నానో తర్వాత చెప్తా. ఏజెన్సీ వాళ్లు అడిగింది ఒక్కటే, సముద్రం కనిపించే కిటికీ కేబిన్‌ను బాగా చూపించమని. ఇదిగో, చూడండి. మంచం, కిటికీ, కిటికీలో సముద్రం. అయిపోయింది. ఇక నా మాట వినండి.

రూటు, మ్యాపు, ఓడ పొడవూ వెడల్పూ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దు పక్కనున్న కిర్కెనెస్ దాకా 34 రేవులు, రానూపోనూ 12 రోజులు. ఇప్పుడు ఈ రూట్‌లో రెండు కంపెనీలు ఓడలు నడుపుతున్నాయి. నేను ఎక్కింది ఏదో చెప్పను.

మేం వెళ్లింది జూన్‌లో. ఆర్కిటిక్ వలయం దాటాక ఆ రోజుల్లో సూర్యుడు అస్తమించడు. చదువుకున్నాం, తెలుసు. కానీ తెలియడం వేరు, రాత్రి రెండింటికి ఎండ దిండు మీద పడటం వేరు. కిటికీకి రెండు కర్టెన్లు ఉన్నాయి. రెండూ మధ్యలో కలవవు, వేలెడు సందు ఉంటుంది. ఆ సందులోంచి వచ్చే వెలుగు సరిగ్గా కళ్ల మీదే! బట్టల క్లిప్పులు పెట్టాం, ఊడిపోయాయి. టవల్ కట్టాం. మా ఆవిడ చున్నీ కూడా కట్టాం. ఓడ ఒక మలుపు తిరగ్గానే ఎండ పోయింది, హమ్మయ్య అనుకున్నా. ఇంకో మలుపు తిరిగింది, మళ్లీ వచ్చింది. సముద్రం చూడ్డానికే కదా కిటికీ. పన్నెండింటికి చూశాను, రెండింటికి చూశాను, మూడున్నరకి కూడా చూశాను.

మాతో పాటు మా అక్క, బావ వచ్చారు. వాళ్లది కిటికీ లేని లోపలి కేబిన్, అన్నింటికంటే చవకది. మూడో రోజు నుంచే బావ ముఖం కళకళలాడుతోంది. "నిద్ర పట్టిందా బావా?" అన్నాను. "తలుపేస్తే మన ఊళ్లో కరెంటు పోయిన రాత్రిలా ఉందిరా, ఎనిమిదింటి దాకా లేవలేదు" అన్నాడు. నాకు ఎంత మండిందో!

పోనీ చలికాలంలో వెళ్తే కిటికీ పనికొస్తుందా అంటే, అప్పుడు ఉత్తరాన ట్రోమ్సో ఊరి వైపు నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడే పైకి రాడు. అరోరా, అంటే ఆకాశంలో ఆడే ఆ రంగుల వెలుగులు చూడాలంటే ఎలాగూ కోటు వేసుకుని డెక్ మీదికి పరిగెత్తాల్సిందే. పైగా కిటికీలోంచి కనిపించేది ఓడకి ఒక పక్కే. అసలు అందం రెండో పక్కన పోతూ ఉంటుంది.

అయితే ఆ కిటికీ వల్ల ఒక మేలు జరిగింది. నిద్ర రాక బయటికి వచ్చి, ఈ ఓడ అసలు ఏమిటో చూశాను. రెండేళ్ల క్రితం నేను రివ్యూ చేసిన పెద్ద క్రూయిజ్ గుర్తుందా? క్యాసినో, జారుడు బల్లలు, ఐదు రోజుల్లో సముద్రం చూసింది అరగంట. ఇది అలాంటిది కాదు. ఇది మన పల్లెవెలుగు బస్సు. 1893లో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ వెస్టరోలెన్ అనే ఓడతో ఈ సర్వీసు మొదలుపెట్టింది ఉత్తరాలు, సరుకులు, మనుషుల్ని చేరవేయడానికి. రోడ్లు లేని ఊళ్లకి అప్పట్లో ఇదే దిక్కు. ఇప్పటికీ ఓడ పక్క తలుపు తెరుచుకుంటుంది, ఫోర్క్‌లిఫ్ట్ బయటికి వస్తుంది, పెట్టెలు దించుతుంది, వేరేవి ఎక్కించుకుంటుంది. కొన్ని రేవుల్లో పావుగంటే. తెల్లవారుజామున మూడింటికి ఒక వాషింగ్ మెషీన్, రెండు సైకిళ్లు, కొన్ని పూలమొక్కలు దిగాయి. కుక్కను పట్టుకుని ఒకావిడ దిగి, ఇంటికి నడిచి వెళ్లిపోయింది. ఎవరూ చేతులూపలేదు. ఆవిడకి ఇది మామూలు బస్సే కదా. నేను మాత్రం రెయిలింగ్ పట్టుకుని సినిమా చూసినట్టు చూశాను. ఆ తర్వాత ప్రతి రాత్రీ అదే పని. మా ఆవిడ "ఫోర్క్‌లిఫ్ట్ చూడ్డానికా ఇంత దూరం వచ్చింది?" అంది. అవును, అందుకే!

అందరూ అడిగేది గైరాంగర్ ఫ్యోర్డ్ గురించి. ఫ్యోర్డ్ అంటే నిటారు కొండల మధ్య లోపలికి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది, సెవెన్ సిస్టర్స్ జలపాతం అక్కడే. బాగుంది, ఫొటోల్లో ఉన్నట్టే ఉంది, ఇంకేం చెప్పను? నన్ను పట్టేసింది లోఫోటెన్ దీవుల దగ్గర ట్రోల్‌ఫ్యోర్డ్. రెండు కిలోమీటర్ల పొడవు, మూతి దగ్గర వెడల్పు సుమారు వంద మీటర్లు. అంత ఓడ అందులోకి దూరి, చివర్లో ఉన్నచోటే గుండ్రంగా తిరిగి వచ్చేస్తుంది. గోడ చేతికి అందేంత దగ్గరగా అనిపిస్తుంది. భయం ఎందుకు లేదంటే, మంచు నది చెక్కిన గోడ కాబట్టి నీటి కింద కూడా అలాగే నిటారుగా దిగిపోతుంది. పాపికొండల దగ్గర గోదావరి కొండల్ని కోసుకుంటూ పారింది. ఇక్కడ మంచు తవ్వి వెళ్లిపోతే సముద్రం వచ్చి నిండింది. ఇంకో తేడా కూడా ఉంది. పాపికొండల లాంచీలో సరిగ్గా మంచి మలుపు దగ్గరే మైకులో డ్యాన్స్ పాట పెట్టారు. ఇక్కడ రాత్రి పదకొండున్నరకి, పట్టపగల్లాంటి వెలుతురులో, డెక్ నిండా జనం ఉన్నా సన్నటి జలపాతం చప్పుడు వినిపించింది.

లోఫోటెన్‌లో ఇంకోటి కూడా చూడండి, కాడ్ చేపలు ఆరేసే కర్రల పందిళ్లు. మేం వెళ్లేసరికి చాలా వరకు ఖాళీ, ఫిబ్రవరి నుంచి మే దాకా ఆరేసి తర్వాత దించేస్తారట. ఉప్పు ముట్టించరు, చలిగాలికే ఆరిపోతుంది. కాకినాడ వాడిని, ఉప్పు లేని ఎండుచేప అంటే నమ్మలేకపోయాను. తలల్ని నైజీరియాకి పంపిస్తారు.

టికెట్ కొనేముందు ఒక సంగతి. వెళ్లేటప్పుడు రాత్రి వచ్చే రేవులు చాలా వరకు తిరుగు ప్రయాణంలో పగలు వస్తాయి. హామర్‌ఫెస్ట్ మాకు వెళ్లేటప్పుడు తెల్లవారుజామున వచ్చింది, వచ్చేటప్పుడు హాయిగా దిగి తిరిగాం. ఒకవైపే కొంటే సగం ఊళ్లు నిద్రలో పోతాయి. లోపలి కేబిన్ తీసుకుంటే మిగిలే డబ్బుని రెండో వైపు టికెట్‌లో వేయండి.

నార్త్ కేప్, 307 మీటర్ల కొండ అంచు. వెళ్లాం, పొగమంచు, ఏమీ కనపడలేదు. తిండిలో చేపలు అద్భుతం. శనివారం నాన్‌వెజ్ తినని మా అక్కకి మాత్రం బంగాళాదుంపలే దిక్కయ్యాయి.

ఇక కాఫీ. మా ఓడలో ఒక మగ్గు అమ్ముతారు. అది కొంటే ప్రయాణమంతా కాఫీ ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. ఆ సంగతి నాకు తొమ్మిదో రోజు తెలిసింది. మొదటి రోజే కొన్నది ఎవరో చెప్పాలా? బావే.

మళ్లీ వెళ్తానా అంటే, రేపు రమ్మన్నా వెళ్తా. కిటికీ కేబిన్ లింకు కింద ఇచ్చాను. లోపలి కేబిన్ లింకు నాకు ఇవ్వలేదు, అదే పేజీలో బాగా కిందికి స్క్రోల్ చేయండి, కనిపిస్తుంది.