హెచ్‌ఐవి సోకని మనుషులు

శ్రోతలకు నమస్కారం. 1980లలో అమెరికాలో ఎయిడ్స్ విజృంభించినప్పుడు, న్యూయార్క్ వాసి స్టీఫెన్ క్రోన్ స్నేహితులు ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. అతనికి మాత్రం ఏమీ కాలేదు. నాలో ఏముందో చూడండంటూ తనే పరిశోధకుల దగ్గరికి వెళ్లాడు. వాళ్లు అతని రక్తంలో సీడీ4 కణాలనే రోగనిరోధక కణాలను ల్యాబ్‌లో పెట్టి వైరస్‌ను వదిలారు. మోతాదు ఎంత పెంచినా సోకలేదు.

1996లో గుట్టు తెలిసింది. హెచ్‌ఐవి కణంలోకి దూరాలంటే కణం పైన ఉండే సీడీ4 అనే ప్రొటీన్ ఒక్కటే చాలదు, పక్కనే సీసీఆర్‌-5 అనే మరో ప్రొటీన్ ఉండాలి. రెండు తాళాలున్న తలుపు అన్నమాట. క్రోన్‌కు అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన సీసీఆర్‌-5 జన్యువులు రెండింటిలోనూ 32 డీఎన్ఏ అక్షరాలు లేవు. దాంతో ఆ ప్రొటీన్ కణం పైకే రాదు.

ఐరోపా మూలాలున్న వారిలో నూటికి ఒకరికి ఇలా రెండు జన్యువుల్లోనూ లోపం ఉంటుంది. ఒక్కదాంట్లోనే ఉంటే హెచ్‌ఐవి సోకుతుంది, కాకపోతే జబ్బు నెమ్మదిగా ముదురుతుంది. భారతీయుల్లో ఇది చాలా అరుదు. కాబట్టి 'మనకేం కాదులే' అని ఎవరూ ధీమా పడనక్కర్లేదు. పైగా సీసీఆర్‌-5తో పని లేకుండా మరో దారిలో వచ్చే హెచ్‌ఐవి రకాలూ ఉన్నాయి.

బెర్లిన్‌లో డాక్టర్ గెరో హ్యూటర్ ఈ సంగతినే వాడుకున్నారు. హెచ్‌ఐవితో పాటు బ్లడ్ క్యాన్సర్ కూడా ఉన్న టిమోతీ రే బ్రౌన్‌కు 2007లో రక్తకణాలను తయారుచేసే మూలకణాల మార్పిడి చేయాల్సి వచ్చింది. పనిగట్టుకుని ఈ జన్యులోపం ఉన్న దాతనే వెతికారు. ఆ తర్వాత మందులు మానేసినా బ్రౌన్‌లో హెచ్‌ఐవి తిరిగి రాలేదు. చివరికి 2020లో క్యాన్సరే తిరగబెట్టి ఆయన చనిపోయారు.

ఇక హెచ్‌ఎల్‌ఏ జన్యువుల కథ వేరు. ఇవి వైరస్‌ను లోపలికి రాకుండా ఆపలేవు. వైరస్ సోకిన కణం లోపలి వైరస్ ముక్కలను పైకి తెచ్చి, అలాంటి కణాలను చంపే టి-కణాలనే రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. వీటిలో బి-57 అనే రకం వైరస్‌కు ప్రాణాధారమైన ముక్కలను ఎంచి మరీ చూపిస్తుంది. వాటిని మార్చుకుని తప్పించుకోబోతే వైరసే బలహీనపడుతుంది. అందుకే ఈ రకం ఉన్న కొందరిలో మందులు లేకుండానే ఏళ్ల తరబడి వైరస్ అదుపులో ఉంటుంది.

విచిత్రమేమిటంటే, ఇదే బి-57లోని ఒక ఉపరకం ఉన్నవాళ్లకు అబాకవిర్ అనే హెచ్‌ఐవి మందు పడకపోవచ్చు. తీవ్రమైన రియాక్షన్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆ మందు మొదలుపెట్టే ముందు జన్యుపరీక్ష చేయించాలని చాలా దేశాల్లో డాక్టర్లకు సూచనలున్నాయి. సెలవు.