బిల్లు మారేది మధ్యలోనే

అందరికీ నమస్కారం.

బిల్లు పెట్టారు, బిల్లు పాసైంది. టీవీ వార్తల్లో మనకు వినిపించేవి ఈ రెండు మాటలే. ఈ రెండింటికీ మధ్య జరిగేదాని గురించి ఈరోజు మీతో మాట్లాడాలని వచ్చాను.

సరోగసీ బిల్లునే చూడండి. 2019 ఆగస్టులో లోక్‌సభ దాన్ని ఆమోదించింది. పిల్లలు లేని దంపతుల కోసం బిడ్డను మోసే స్త్రీ వాళ్లకు దగ్గరి బంధువే అయి ఉండాలని అందులో రాశారు. ఐదేళ్లు ప్రయత్నించినా గర్భం రాకపోతేనే సంతానలేమి అన్నారు. మన ఇళ్లలో ఏం జరిగేదో ఒక్కసారి ఊహించుకోండి. తోడికోడలినో ఆడపడుచునో పెద్దవాళ్లంతా కూర్చోబెట్టి "కాదనకమ్మా" అంటే ఆమె కాదనగలదా? ముప్ఫై ఐదు దాటిన అమ్మాయిని ఇంకో ఐదేళ్లు ఆగమంటే ఆ టెన్షన్ ఎవరు పడాలి?

రాజ్యసభ ఆ బిల్లును 23 మంది సభ్యుల సెలెక్ట్ కమిటీకి, అంటే ఆ ఒక్క బిల్లును పరిశీలించడానికే వేసిన ఎంపీల బృందానికి పంపింది. 2020 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. దగ్గరి బంధువు అన్న షరతు తీసేసి, ఇష్టపడి ముందుకొచ్చే స్త్రీ ఎవరైనా సరే అనమంది. ఐదేళ్ల లెక్క వద్దంది. ఆమెకు బీమా 16 నెలలు కాదు, 36 నెలలు ఉండాలంది. 2021 డిసెంబరులో వచ్చిన చట్టంలో ఈ మూడు మార్పులూ ఉన్నాయి. ఆ చట్టంలో నాకు నచ్చనివి ఇంకా ఉన్నాయి. అయినా ఈ మూడు మార్పుల వల్ల ఎందరో ఆడవాళ్లకు ఊపిరాడింది.

ప్రతి బిల్లునూ ఇలా కమిటీకి పంపి తీరాలని నియమమేమీ లేదు. 15వ లోక్‌సభ కాలంలో నూటికి దాదాపు 71 బిల్లులు కమిటీలకు వెళ్లాయి. 17వ లోక్‌సభకు వచ్చేసరికి అది 16కు పడిపోయింది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇక సభలో ఓటు. బిల్లులోని ఒక్కో నిబంధనను క్లాజు అంటారు. ఆ క్లాజు నంబరు చదివి స్పీకర్ అడుగుతారు, సభ్యులు "ఆయ్" అనో "నో" అనో అరుస్తారు. అదే మూజువాణి ఓటు. ఎవరు ఏమన్నారో పేర్లతో నమోదు కాదు. డివిజన్ పెడితే కథ మారుతుంది. మూడున్నర నిమిషాలు గంటలు మోగుతాయి, బయట ఉన్నవాళ్లు పరుగున వచ్చి కూర్చుంటారు, తలుపులు మూస్తారు, బటన్ నొక్కుతారు. ఎవరి ఓటు ఎటో పేరుతో సహా రికార్డుకెక్కుతుంది. రాజ్యాంగ సవరణకు ఇలాగే ఓటు జరగాలి. మొత్తం సభ్యుల్లో సగానికి మించి, ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి.

రాష్ట్రాన్ని విడదీయడానికి మాత్రం 3వ అధికరణం కింద మామూలు మెజారిటీ చాలు. 2014 ఫిబ్రవరి 18న పునర్విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణి ఓటుతోనే పాసైంది. ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. విభజన కావాలన్నవాళ్లూ, వద్దన్నవాళ్లూ ఈ హాల్లో ఉండే ఉంటారు. ఆ ఆఖరి ఓటులో మా ఎంపీ ఎటు ఉన్నారని రికార్డు తీసి చూసుకునే వీలు ఇద్దరికీ లేకుండా పోయింది.

కమిటీలు అభిప్రాయాలు కోరుతూ పేపర్లలో ప్రకటన ఇస్తుంటాయి. గడువు తక్కువగానే ఉంటుంది. క్లాజు నంబరు వేసి, ఏ మాట తీసేయాలో, దాని చోట ఏ మాట పెట్టాలో రాయండి. ఈ కాలేజీ నుంచి ఈ ఏడాది ఒక్క ఉత్తరమైనా వెళ్లాలి. రాయడానికి కూర్చునే రోజు నన్ను పిలవండి, నేనూ వస్తాను.