టమాటా పీకిన మడిలో వంగ నాటారా?

(దగ్గరి షాట్: వాడిపోయిన వంగ మొక్క)

ఈ వంగ మొక్క నిన్న సాయంత్రం వరకు బాగానే ఉంది. పొద్దున్నే వచ్చి చూస్తే ఆకులు పచ్చగా ఉండగానే తల వాల్చేసింది. నీళ్లు చాల్లేదేమో అని ఎవరికైనా అనిపిస్తుంది, పోయినసారి నేనూ అలాగే అనుకుని రెండు రోజులు బకెట్లు బకెట్లు పోశాను, ఏమీ ఒరగలేదు.

(గాజు గ్లాసులో నీళ్లు)

కాండాన్ని మొదలు దగ్గర కోసి, ఆ ముక్కని కదలకుండా నీళ్లలో వేలాడదీస్తున్నా. కాసేపు ఆగండి. కోసిన చోటి నుంచి పాలు జారినట్టు సన్నటి తెల్లటి దారం దిగుతోంది, కనిపిస్తోందా? అది బ్యాక్టీరియా. మట్టిలోంచి వేరులోకి దూరి, నీళ్లు పైకెళ్లే గొట్టాలనే మూసేస్తుంది. దీన్నే వడలు తెగులు అంటారు.

తప్పు నాదే. అంతకు ముందు ఈ మడిలో టమాటా ఉండేది, అందులోనూ నాలుగు మొక్కలు ఇలాగే పోయాయి, పట్టించుకోలేదు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప, అన్నీ ఒకే కుటుంబం. కాయలు చూస్తే పోలిక తెలీదు కానీ వంగ పువ్వు పక్కన బంగాళాదుంప పువ్వు పెట్టి చూడండి, అక్కాచెల్లెళ్లే.

అందుకే పంట మార్పిడి అంటే కూరగాయ మార్చడం కాదు, కుటుంబం మార్చడం. ఈ మడిలో ఇప్పుడు ఉల్లి, తర్వాత చిక్కుడు, ఆ తర్వాత క్యాబేజీయో ముల్లంగో. టమాటా కుటుంబం మళ్లీ ఇక్కడికి రావాలంటే కనీసం 3 ఏళ్లు ఆగాలి. చిన్న తోటలో పక్క మడికి మార్చినంత మాత్రాన టెన్షన్ తీరదు, ఈ బ్యాక్టీరియా పారే నీళ్లతో, మట్టి అంటిన పారతో కూడా వెళ్లిపోతుంది. పార కడగండి. జబ్బు మొక్కని కంపోస్టులో వేయకండి.

(చిక్కుడు వేరు, దగ్గరగా)

ఈ బుడిపెని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. అంటే అందులో రైజోబియం అనే మేలు చేసే బ్యాక్టీరియా పనిచేస్తోంది, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తోంది. చాలామంది చిక్కుడు పక్కన ఏది పెట్టినా దానికి ఎరువు ఉచితం అంటారు, నాకైతే ఆ మాట కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. ఆ నత్రజనిలో ఎక్కువ భాగం చిక్కుడే వాడుకుంటుంది, మిగతాది వేర్లూ ఆకులూ కుళ్లాక తర్వాతి పంటకి అందుతుంది. కాబట్టి పంట అయిపోయాక పీకకండి, మొదలు దగ్గర కోసి వేర్లని మట్టిలోనే వదిలేయండి.

తోడు మొక్కల విషయంలో నా లెక్క ఒకటే, ఎందుకు పనిచేస్తుందో చెప్పగలిగితేనే నాటుతా. ఉత్తర అమెరికా మూలవాసులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవాళ్లు. మొక్కజొన్న కాడ చిక్కుడు తీగకి పందిరి, గుమ్మడి ఆకులు నేలకి గొడుగు. కారణం కళ్లకి కనిపిస్తోంది.

బంతి సంగతి వేరు. దాని వేర్లలోని పదార్థం, వేర్ల మీద జబ్బు బుడిపెలు తెప్పించే వేరుబుడిపె నులిపురుగులని తగ్గిస్తుంది, అది నిజమే. కానీ టమాటా పక్కన ఒక్క బంతి మొక్క పెడితే పెద్దగా జరిగేదేం లేదు, మడి మొత్తం 2 నెలలకి పైగా బంతే పెంచి మట్టిలో కలిపేస్తే ఫలితం ఉంటుంది. ఈ నులిపురుగుకి కుటుంబ పట్టింపు తక్కువ, బెండనీ దోసనీ కూడా వదలదు, అందుకే ఇక్కడ మార్పిడి ఒక్కటే సరిపోదు.

క్యాబేజీకి ఆవ వేస్తారు, ఎర పంటగా. రెండూ ఒకే కుటుంబం కదా, మరి ఇదేంటి అంటారా? అందుకే పనిచేస్తుంది మరి! క్యాబేజీ ఆకుల్ని తినే డైమండ్ బ్యాక్ పురుగు ఆవ మీద గుడ్లు పెడుతుంది, మనం ఆ ఆవ మొక్కల్ని సమయానికి పీకేయాలి. మర్చిపోతే మాత్రం పురుగుని మనమే పెంచినట్టు.

(ఫోన్‌లో మడి ఫోటో)

ఇది పోయిన సీజన్‌లో తీసిన ఫోటో. ఏ మూల ఏం పెట్టానో నాకు గుర్తుండదు, దీన్ని చూసే ఇవాళ ఇక్కడ ఉల్లి నారు నాటుతున్నా.